ఉగాదికి ముందు రెండు రోజులు

నాలుగేళ్ళుగా ఒక తేదీని మోస్తున్నాను. మార్చి ముప్పై ఒకటి. అందరికీ వచ్చి పోయే రోజే. నాకు మాత్రం పోలేదు.

నన్ను ఎరిగినవాళ్ళు నా తప్పేమిటో ఇట్టే ఊహిస్తారు. ఎవరినో అనరాని మాట అని ఉంటుంది అనుకుంటారు. నిజమే, నాకు నోరెక్కువ. కూరగాయల బండి నుంచి బ్యాంకు మేనేజరు దాకా ఎవరితోనైనా వాదిస్తాను. కానీ నేను చేసిన అన్యాయం, వాదించాల్సిన చోట వాదించకపోవడం.

పేర్లు మార్చి రాస్తున్నాను. మాది తొండుపల్లి. బీకాం చదివి, శంషాబాద్‌లో ఒక ఆడిటరు దగ్గర పనిచేస్తున్నాను. ఇంట్లో అందరి పన్ను రిటర్నులూ నేనే నింపుతాను. మరిది మహేశ్ ఎయిర్‌పోర్టు కార్గోలో సూపర్‌వైజరు. అతని భార్య సుజాత, నా తోటికోడలు. వాళ్ళ పాప సహస్రకు పుట్టుకతోనే వినికిడి తక్కువ. చెవులకు మిషన్లు పెట్టించి, వారానికి రెండుసార్లు మెహిదీపట్నంలో స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళేవారు. ఆరేడేళ్ళ లోపల ఎంత నేర్పితే అంత, ఆ తర్వాత కష్టమని అక్కడి టీచరు ముందే చెప్పింది.

సహస్రకు నాలుగేళ్ళప్పుడు వాళ్ళు సాతంరాయిలో చిన్న ఫ్లాటు చూసుకున్నారు. మొదటి ఇల్లు. అప్పట్లో మొదటి ఇల్లు కొనేవాళ్ళకు ప్రభుత్వం ఒక తాత్కాలిక వెసులుబాటు ఇచ్చింది. ఇంటి లోను వడ్డీ మీద మామూలుగా దొరికే మినహాయింపు కాక, ఇంకో లక్షన్నర దాకా అదనం. లోను మాత్రం ఆ మార్చి ముప్పై ఒకటిలోగా మంజూరు కావాలి. అలా మంజూరైతే, లోను తీరేదాకా ఏటా వర్తిస్తుంది. ఒక్కరోజు దాటితే ఎప్పటికీ లేదు.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ రెండున పడింది.

అంతకు నెల ముందు మా ఆడబిడ్డ ఇంట్లో ఒక విందు జరిగింది. ఎవరో నన్ను రిటర్ను గురించి ఏదో అడగబోతే సుజాత అడ్డుపడింది. "అక్కను అడిగితె జవాబుతోని తిట్టు ఫ్రీ" అంది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. నేనూ నవ్వినట్టే ఉన్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాటను తీసి పక్కన పెట్టలేకపోయాను. అంత చిన్న మాట. పరాచికం. నేను రోజుకు పదిమందిని అంతకంటే ఘాటుగా అంటాను కదా?

మార్చి ఇరవై దాటాక వాళ్ళు మా ఇంటికొచ్చారు. ఫైలు తయారైంది, సంతకాలు పెడితే లోను మంజూరైనట్టే.

"వదినా, బ్యాంకాయన ఈ నెలల్నే సంతకాలు పెట్టమంటుండు. అమ్మేమో ఉగాదికి పెట్టుమంటున్నది. రెండు దినాలకు ఏమన్న ఫరక్ పడ్తదా?" అన్నాడు మహేశ్.

"ఎందుకడిగినవ్? ఇగ అక్క క్లాసు మొదలువెడ్తది" అంది సుజాత. నవ్వుతూనే.

"నాకేం ఎరుక" అన్నాను. "క్లాసులు చెప్పుడు బంద్ వెట్టిన. మంచి దినం చూస్కొని పెట్టుకోండ్రి."

మా అత్తమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "ఇన్నేండ్లకు ఒక్క మాటకు ఎదురుచెప్పకుంట ఒప్పుకున్నది" అని మురిసిపోయింది.

వాదించకుండా ఊరుకున్నానన్నట్టు పైన రాశాను. అది కూడా నిజం కాదు. ఊరుకోలేదు. తెలియదని అబద్ధమాడాను, పైగా మంచి రోజు చూసుకోమన్నాను. ఇంతకుముందు గడువు పొడిగించారు, ఈసారీ పొడిగిస్తారులే అనుకున్నానా? అలా అనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఫిబ్రవరి బడ్జెట్‌లో పొడిగించలేదని ఆఫీసులో అందరికీ చెప్పింది నేనే. వాళ్ళు వెళ్ళాక ఇంకా వారం రోజులున్నాయి. ఫోను చేతిలోనే ఉంది. మొదటి రెండు రోజులు కోపం. తర్వాత, ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారని భయం. ముప్పై ఒకటి సాయంత్రం ఆఫీసులో కూర్చుని గోడ గడియారం చూశాను. బ్యాంకు మూసే వేళ దాటింది. తేలిగ్గా అనిపించింది. ఆ తేలికను తలుచుకుంటేనే ఇప్పుడు నాకు సిగ్గు.

ఉగాది నాడు కాగితాలకు పసుపు రాసి సంతకాలు చేశారు. నేనూ వెళ్ళాను, వాళ్ళు పెట్టిన పచ్చడి తిన్నాను. మరుసటి ఏడాది మహేశ్ రిటర్ను నేనే నింపాను. ఆ మినహాయింపు గడి దగ్గరకొచ్చి, ఖాళీగా వదిలి, కిందికి జరిగాను.

వడ్డీ రేట్లు పెరిగాయి. లోను వాయిదా పెరిగింది. థెరపీ వారానికి రెండుసార్ల నుంచి ఒకసారికి వచ్చింది. "రెండోది ఇంటికాడ నేనే నేర్పిస్త అక్కా" అని సుజాత నాతోనే చెప్పింది. ఆ పన్ను మిగిలి ఉంటే రెండో రోజు ఖర్చు దాదాపు సరిపోయేది. లెక్క వేసి చూశాను. రేట్లు పెరగడం నా చేతిలో లేదు కదా, ఆ మినహాయింపు ఉన్నా ఇబ్బందే కదా అని ఎన్నిసార్లు తప్పించుకోబోయినా ఆ లెక్క దగ్గరే ఆగిపోతాను.

రెండో రోజు ఫీజు నేను కడతానన్నాను. సుజాత ఒప్పుకోలేదు. "నీకు మాత్రం పిల్లలు లేరా అక్కా" అంది. ఊళ్ళో ఎవరితోనైనా వాదించి నెగ్గే నేను ఆ ఒక్క మాటకు వెనక్కి తగ్గాను. నెగ్గాలంటే, ఎందుకు కడతానంటున్నానో చెప్పాలి.

తర్వాత ఏటా బడ్జెట్ రోజున టీవీ ముందు కూర్చున్నాను. పాత తేదీని మళ్ళీ తెరుస్తారేమోనని. తెరవలేదు. కొత్త పన్ను విధానంలో పన్ను పడని ఆదాయ హద్దు మాత్రం బాగా పెంచారు. మహేశ్ జీతం దానికి లోపలే ఉంది. ఇప్పుడు వాళ్ళకు అసలు పన్నే లేదు, ఆ మినహాయింపు ఉన్నా లేకున్నా ఒకటే. కాగితం మీద నా తప్పు మాసిపోయింది. నష్టం మూడేళ్ళదే. ఆ మూడేళ్ళలోనే సహస్రకు నాలుగు నిండి ఏడొచ్చాయి.

పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మాట్లాడుతుంది. మాకు అర్థమవుతుంది. దుకాణంలో ఏదైనా అడిగితే దుకాణదారు సుజాత మొహం చూస్తాడు. సుజాత మళ్ళీ చెబుతుంది. పాప తలదించుకుంటుంది. వారానికి రెండుసార్లు వెళ్ళి ఉంటే ఇలా ఉండేది కాదా? టీచరునడిగితే చెప్పలేమంటుంది. అవునన్నా బాగుండేది, కాదన్నా బాగుండేది.

సుజాత ఇప్పటికీ కాగితాలు నా దగ్గరికే తెస్తుంది. "అక్క చూస్తె ఇగ పరేషాన్ లేదు" అంటుంది. రెండుసార్లు చెప్పబోయాను. చెబితే బరువు దిగేది నాకు, ఎక్కేది ఆమెకు. ఇది ఆమె మీద దయా, నా పిరికితనమా? నాకే తెలియడం లేదు. పిరికితనమే ఎక్కువ అనిపిస్తుంది.

మీరు సుజాత కారు. క్షమించే హక్కు మీకు లేదు, నేను అడగడమూ లేదు. ఆ రోజు నాకు ఫరక్ తెలుసు. తెలిసీ తెలియదన్నాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాలుగేళ్ళు పట్టింది.