నా ఫిర్యాదుకు నేనే రాసిన జవాబు

ఇన్నేళ్లుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. ఒక్క పేజీయే. అయినా షామీర్‌పేట చెరువును నీళ్లతో సహా, పిక్నిక్‌కు వచ్చినవాళ్లతో సహా నెత్తిన పెట్టుకున్నట్టుంటుంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

2011. మేడ్చల్ దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. నేను పాఠం మొదలుపెడితే పైన ఫ్యాన్లు కూడా కునుకు తీసేవి. పక్క గదిలో చరిత్ర చెప్పే ఎస్తేర్ మేడం క్లాసుకైతే సగం మండలం వచ్చి కిటికీలకు వేలాడేది. ఫ్యాక్టరీలకూ ప్లాట్లకూ పొలాలు పోయినవాళ్లు ఇప్పుడెలా బతుకుతున్నారన్నది ఆమె పీహెచ్‌డీ. శనివారాలు పిల్లలను గౌడవెల్లి తీసుకెళ్లి, కూలికి పోయేవాళ్లతో మాట్లాడించి, నోటు పుస్తకాల్లో రాయించేది. సోమవారం నా క్లాసులో కూర్చుని వాళ్లు చెప్పుకునేది ఆ కబుర్లే.

మా ఛైర్మన్‌ది ప్లాట్ల వ్యాపారం. అది తెలిసే ఆయనకు ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ‘ఒక విద్యార్థి తండ్రి’నని, ఎడమ చేత్తో. మేడం సిలబస్ వదిలేసి పిల్లలను ఊళ్లు తిప్పుతోందని, పొలాలమ్మినవాళ్లను రెచ్చగొడుతోందని. ఎందుకు రాశాను? అసూయ. దానికి ఇంకో అందమైన పేరు కోసం ఇన్నేళ్లు వెతికాను, దొరకలేదు.

మూడోరోజు ఆమె ఆ ఉత్తరం పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చింది.

“సార్, ఎవలో తండ్రంట. గీ చిట్ఠీ జూడుండ్రి. నన్ను జవాబియ్యుమంటున్నరు.”

“ఎవలై ఉంటరు మేడం?” అన్నాను.

“ఏమో సార్. కోడి గెలికినట్టున్నది రాత. పాపం, సదువు రానట్టున్నది.”

నాకు రోషం వచ్చింది. అంతటి ఘడియలో కూడా!

“మీరు మస్తు రాస్తరు. జవాబు జర మీరే రాసియ్యుండ్రి. నా తాన కోపం తప్ప ఏం లేదు.”

రాసిచ్చాను. ఒక్కో అబద్ధాన్నీ వేళ్లతో సహా పీకేశాను. వాటి వేళ్లెక్కడున్నాయో నాకు కాక ఎవరికి తెలుసు? అక్కడ ఆగితే బాగుండేది. చివర ఒక వాక్యం చేర్చాను: ‘ఇకమీదట సిలబస్ దాటను.’

“గిదెందుకు సార్?”

“గిదుంటెనే నౌకరీ నిలుస్తది మేడం.”

ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టి మరోసారి చదివింది. సంతకం చేసింది.

ఎడమ చేత్తో చేసింది పాపమే. కానీ ఆమె నోరు మూయించింది కుడి చేయి, అదీ స్నేహితుడి వేషంలో. నిజంగా ఆమె ఉద్యోగం కోసమే అన్నానా? సోమవారాల కోసమా?

శనివారాలు ఆగిపోయాయి. ఆమె పాత కోటగోడల మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకుంది. గోడలు ఏ ఛైర్మన్‌నూ ఇబ్బంది పెట్టవు. ఆ సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో నాకు కృతజ్ఞతలు. ఏటా క్రిస్మస్‌కు ఏనుగు తల పరిమాణంలో కేకు పంపుతుంది. తింటాను. నిద్ర పడుతుంది. హాయిగానే ఉన్నాను, దాచడమెందుకు? ఆ హాయే ఒక్కోసారి గొంతులో అడ్డం పడుతుంది.

ఆ నోటు పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. భద్రంగా ఉంటాయని నాకే ఇచ్చింది. ఇవాళ ఆమెకు పంపడానికి మూట కట్టాను, పైన ఈ రాసినదాని నకలొకటి పెట్టాను. క్షమించమని అడగలేదు. పేరు కూడా రాయలేదు. ఆమెకు అక్కర్లేదు.

ఈసారి కుడి చేత్తో రాశాను.