తెల్లావిడ గుమ్మంలో మా పిల్లల చెప్పులు

మేముండే బిల్డింగ్ మూడో అంతస్తులో తెల్లావిడ తలుపు బయట మా పిల్లల చెప్పులు రెండు జతలు కనిపించగానే గబగబా అటు పరుగెత్తాను. తలుపు మూసి ఉంది.

తొంభైల్లో మాట. మా ఆయన పనిచేసే బహ్రెయిన్‌కి పిల్లలతో వెళ్లి అప్పటికి పది రోజులైంది. ఆ చెప్పులు కనబడేదాకా నేను కింద, బట్టలు కుట్టే చైనా ఆవిడ గదిలో జాకెట్టుకి కొలతలిస్తున్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడ చెబుతోంది: "తెల్లవాళ్లకి పిల్లలంటే ప్రేమ లేదు సిస్టర్. పుట్టగానే వేరే గదిలో పడుకోబెడతారు. పద్దెనిమిదేళ్లకి వెళ్లగొడతారు. చైనాలో అందరికీ తెలుసు!"

డిగ్రీ చదివిన నేను, "అయ్యో పాపం!" అంటూ అంతా నమ్మేశాను. ఎంత శ్రద్ధగా విన్నానంటే, నా పిల్లలు ఎప్పుడు జారుకున్నారో చూడనే లేదు.

తలుపు బాదాను. తెల్లావిడ పెదవుల మీద వేలుంచి "ష్!" అంది. ఇద్దరూ సోఫాలో నిద్రపోతున్నారు.

"మెట్ల మీద ఏడుస్తుంటే తీసుకొచ్చాను. ఇండియా తల్లులు పిల్లల్ని క్షణమైనా వదలరని విన్నానే!" అంది ఆశ్చర్యంగా.

మర్నాడు పొద్దున పిల్లల చేతికి సున్నుండల డబ్బా ఇచ్చి చెప్పాను: "పై ఆంటీకి ఇచ్చి రండి. అమ్మ ఏదని అడిగితే, మెట్ల దగ్గరే నిలబడి మిమ్మల్నే చూస్తోందని చెప్పండి."