ప్రార్థనలో కళ్లు తెరిచినవాళ్ల ఆల్బం

మీరు నా చేత పెళ్లి ఫొటోలు తీయించుకోవాలనుకుంటుంటే ఇది చదవకండి. ఇప్పటికే తీయించుకుని ఉంటే అసలే చదవకండి. ఒకే ఒక్క బటన్ నొక్కి, జమ్మలమడుగులో ఒక పెళ్లివారి పరువునంతా పెద్ద తెర మీదికి ఎక్కించిన మహానుభావుణ్ణి నేనే!

ప్రొద్దుటూరులో మాకో చిన్న స్టూడియో ఉంది. నేను ఫొటోలు తీస్తాను, నా భార్య రేష్మా ఆల్బం తయారుచేస్తుంది. తీయడం ఒక్కరోజు పని. తీసిన వేల రా ఫొటోల్లోంచి మంచివి ఏరడం వారం పని. రా ఫొటో అంటే కెమెరా చూసింది చూసినట్టు దాచే బరువైన ఫైలు. మా లాప్‌టాప్‌లో అది ఒక్కటి తెరుచుకునేలోపు వీధి చివర టీ తాగి రావచ్చు. అందుకే గబగబా ఏరే సాఫ్ట్‌వేర్ కోసం వేట మొదలుపెట్టాను.

మొదట దొరికింది ఫొటోలను టకటకా చూపించింది గానీ, ఏరే పని మాత్రం నన్నే చేసుకోమంది. రెండోది తనే ఏరుతుంది! మసకగా పడినవి, ఒకేలా ఉన్నవి, కళ్లు మూసుకున్నవి, అన్నీ తీసి పక్కన పడేస్తుంది. నా సంబరం చూడాలి మీరు, పెళ్లికొడుకు కూడా అంత ఎగరడు.

“మొదటిదే మేలు. మన కండ్లతో మనమే చూసుకుంటాం,” అంది రేష్మా.

“నీకు తెలీదులే. ఇది మనిషి కంటే శానా తెలివైంది.”

“ఏ మనిషి కంటే?”

నేను అప్పటికే ఆ రెండోదాన్ని లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాను.

ఆ వారమే జమ్మలమడుగులో దేవదానం సారు కూతురు స్టెల్లా పెళ్లి. సారు రిటైరైన టీచరు. పొద్దున చర్చిలో పెళ్లి, సాయంత్రం హాల్లో రిసెప్షన్. ఆయన నన్ను పక్కకు పిలిచారు.

“బాషా, మా యమ్మ పులివెందుల నుంచి వచ్చిండాది. నడవల్యాక పోయినా వచ్చిండాది. పాప నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాది. ఆ ఒక్క ఫొటో పటం కట్టిచ్చుకోవాల. తక్కినవి నీ ఇష్టం.”

“సారూ, సాయంత్రానికే అన్ని ఫొటోలూ పెద్ద తెర మీద చూపిస్తా!” అన్నాను. ఆయన అడగనే లేదు.

తీశాను. వణికే అవ్వ చెయ్యి, వంచిన స్టెల్లా తల, మూసుకున్న నాలుగు కళ్లు.

మధ్యాహ్నం ఫొటోలన్నీ లాప్‌టాప్‌లోకి ఎక్కించి, కళ్లు మూసుకున్నవాళ్ల విషయంలో ‘అతి కఠినం’ అని పెట్టి బటన్ నొక్కాను. బిర్యానీ తిని వచ్చేసరికి పని పూర్తి! ‘పనికిరానివి తుడిచెయ్యాలా?’ అని అడిగింది. తుడిచెయ్యమన్నాను. అదే ఊపులో కెమెరా కార్డులు కూడా ఖాళీ చేసి రిసెప్షన్‌కు సిద్ధమయ్యాను. ఏరినవి ఒక్కసారైనా చూశానా? చూసేటట్టయితే ఇక సాఫ్ట్‌వేర్ ఎందుకండీ!

సాయంత్రం హాలు కిటకిటలాడింది. తెర మీద ఉంగరాలు, పూలు, నవ్వులు, చప్పట్లు. నేను కాలరెగరేశాను. తర్వాత ప్రార్థన వచ్చింది.

భక్తిపరులు ప్రార్థనలో కళ్లు మూసుకుంటారు కదా. వాళ్లందరినీ పనికిరానివాళ్లని సాఫ్ట్‌వేర్ పారేసింది. మిగిలింది ఎవరో మీకు ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. నాకు మాత్రం తెర చూసేదాకా తెలియలేదు.

మొదట పెళ్లికొడుకు, ఓరకంట పెళ్లికూతుర్ని చూస్తూ. హాలంతా గొల్లుమంది. ఆ వెనకే చర్చి సంఘపెద్ద ఒకాయన, ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూస్తూ. తర్వాత పెళ్లికొడుకు తల్లి, స్టెల్లా మెడలో హారాన్ని కళ్లతోనే తూకం వేస్తూ. ఆఖరికి పాస్టరుగారు, చేతులు జోడించి, రెండు కళ్లూ గోడ గడియారం మీద పెట్టి!

“నిలిపేయప్పా! ముందు నిలిపేయి!” అని సంఘపెద్ద అరుపు.

“నిలపొద్దు! ఇంకా ఎవురెవురు ఉండారో చూడాల!” అని వెనక కుర్చీల వాళ్లు.

దేవదానం సారు మాత్రం నవ్వలేదు. “బాషా, మా యమ్మ ఫొటో యాడ?”

లాప్‌టాప్ అంతా వెతికాను. లేదు. కార్డుల్లోకి అప్పటికే రిసెప్షన్ ఫొటోలు ఎక్కేశాయి.

“సారూ... తుడిచేసినా. అవ్వ కండ్లు మూసుకునిందని...”

“ప్రార్థనలో కండ్లు మూసుకోక ఏం చేస్తారప్పా?” అన్నారాయన. “మా యమ్మ మళ్లా ఇంత దూరం వస్తాదా?”

సిగ్గుతో నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇంతలో ముందు వరుసలోని అవ్వకు మా మాటలు వినబడ్డాయి.

“ఏందిరా ఆ గలాటా?” అని కొడుకును అడిగి, సంగతి తెలుసుకుని, నన్ను ఎగాదిగా చూసింది. “దానికేముండాది, ఇంకోతూరి చేస్తా. ప్రార్థన ఎక్కువైతే పాపకు నష్టమా? పిల్చుకోని రాండి.”

స్టెల్లా వచ్చి మోకరించింది. అవ్వ ఆమె నెత్తిన చెయ్యి పెట్టింది. తెర మీద చూసిన భయానికి హాల్లో ప్రతి ఒక్కరూ కళ్లు గట్టిగా మూసుకున్నారు. పాస్టరుగారైతే చేతిగుడ్డ కూడా అడ్డం పెట్టుకున్నారు. నేను ఊపిరి బిగబట్టి తీస్తూనే ఉన్నాను.

ప్రార్థన మధ్యలో అవ్వ గొంతు తగ్గించింది. “పడిందా అబ్బీ?”

ఆ ఫొటో ఇప్పుడు సారు ఇంట్లో గోడ మీద పటమై ఉంది. అందులో అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. అవ్వ మాత్రం ఒక కన్ను తెరిచి, ఈసారైనా సరిగ్గా తీస్తున్నానా లేదా అని నన్నే చూస్తోంది.

అందుచేత, నా కెమెరా మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ప్రతి ఫొటోనూ నా రెండు కళ్లతో చూడనిదే ఒక్కటి కూడా తుడవను. ఇంకే అవ్వ చేతా ప్రార్థనలో కన్ను తెరిపించను.