తెకియా రోకలి చప్పుడు

మా ఊరు అస్మరా చరిత్రను ఇటలీవాళ్ళు రాశారు, ఇంగ్లీషువాళ్ళు దిద్దారు, తర్వాతివాళ్ళు కొట్టివేశారు. అయితే ఈ ముగ్గురూ వదిలేసిన మహత్తర ఘట్టం ఒకటుంది: మా సందులో తెకియా ప్రతి ఆదివారం కాఫీ గింజలు దంచడం.

మామూలు ఇల్లాలు పిడికెడు గింజలు వేయించి, నాలుగు పోట్లు వేసి, మట్టి కూజాలో పడేస్తుంది. తెకియా మాత్రం తెల్ల శాలువా కప్పుకొని చర్చికి వెళ్ళొచ్చి, గుమ్మంలో పీట వేసుకొని మధ్యాహ్నం దాకా దంచేది. దీనిమీద సందు రెండు పక్షాలుగా చీలిపోయింది. మొగుడు పోయాక పొద్దుపోక దంచుతోందని ఒక పక్షం, మతి చలించిందని రెండోది.

"ఆ గింజల మీద పాత పగేమైనా ఉందా పెద్దమ్మా?" అని గోడ మీదుగా నేనే అడిగాను.

"నీ నిద్ర పాడవుతోందా?"

"పన్నెండైతే ఇంకా నిద్రేమిటి?"

"మరి నీకేం నొప్పి? పో."

నిజానికి ఆమె వెనక గదిలో ఫిలిమోన్, అతని భార్య రిషాన్ అద్దెకుండేవారు. ప్రభుత్వం నాలుగు మతాలను ఒప్పుకొని, తక్కిన చర్చిలన్నిటికీ తాళాలు వేయించిన రోజులవి. వీళ్ళది తాళం పడిన చర్చి. ఆదివారం ఆ గదిలో కొందరు చేరి గొంతు తగ్గించి పాడుకునేవారు. ఎంత తగ్గించినా పాట గోడ దాటుతుంది. రోకలి దాన్ని దాటనిచ్చేది కాదు. రోకలి ఆగితే పాటా ఆగాలి. దొరికినవాళ్ళను ఇనప కంటెయినర్లలో పెట్టి తాళం వేస్తారని మాకందరికీ తెలుసు.

అలాగని తెకియాకు వాళ్ళ మతమంటే గౌరవమేమీ లేదు.

"మరియమ్మకు దండం పెట్టని నోరు, ఉపవాసమెరగని పొట్ట. అదేం భక్తే?" అనేది రిషాన్‌తో.

"మరి మాకోసం చేతులు నొప్పెట్టేలా దంచడమెందుకమ్మా?"

"నేను నా దేవుడితో మాట్లాడుతుంటే ఎవడైనా తలుపు బాదితే నాకు ఒళ్ళు మండుతుంది. నీకూ మండదూ?"

ఒక ఆదివారం, ప్రభుత్వం తరఫున మా వార్డు మీద కన్నేసి ఉంచే తెస్ఫాలెమ్ వచ్చాడు. రోకలి ఆగింది.

"ఇంత కాఫీ ఎవరు తాగుతారు పెద్దమ్మా?"

"నేనే."

"అయితే నాకూ పొయ్యి," అని కూర్చున్నాడు.

మా దగ్గర కాఫీకి కూర్చుంటే మూడు విడతలూ అయ్యేదాకా లేవకూడదు. ఆ మర్యాద అతనికి బాగా తెలుసు. రెండో విడతలో వెనక గదిలో ఎవరో దగ్గారు. తెకియా వెంటనే దగ్గింది. చాలదేమోనని మళ్ళీ దగ్గింది. తెస్ఫాలెమ్ తీరిగ్గా పేలాలు నమిలి, మూడోదీ తాగి లేచాడు.

"మీ గోడకు జలుబు చేసినట్టుంది. కాఫీలో అల్లం వెయ్యి. వచ్చే ఆదివారం మావాళ్ళను తీసుకొస్తాను, వాళ్ళకీ పొయ్యి."

అది బెదిరింపో, వారం ముందే చెప్పిన సాయమో తెకియా ఇవాళ్టికీ తేల్చుకోలేదు.

ఆ శనివారం ఫిలిమోన్, రిషాన్ సరిహద్దు అవతలి కసలా దారిన కాలినడకన వెళ్ళిపోయారు. "సరిహద్దు దాటేదాకా పాడొద్దు. అక్కడ నా రోకలి ఉండదు," అని మాత్రం తెకియా చెప్పింది.

మర్నాడు రోకలి మూగబోతే వాళ్ళు పారిపోయిన సంగతి ఊరంతటికీ తెలిసిపోతుంది. అందుకని పొద్దుటినుంచే దంచింది. తెస్ఫాలెమ్ మనుషులు వచ్చి ఖాళీ గది చూశారు.

"ఏరీ వీళ్ళు?"

"పెళ్ళికి దెకెంహారే వెళ్ళారు. రాత్రికొస్తారు. కూర్చోండి, కాఫీ అవుతోంది."

దెకెంహారే ఉన్నది దక్షిణాన, కసలా ఉన్నది పడమట. వాళ్ళు మూడు విడతలూ తాగారు.

ఆ తర్వాత ఫిలిమోన్ వాళ్ళనుంచి కబురు లేదు, గదికి కొత్తవాళ్ళెవరూ రాలేదు. సందు కూడా భయపడి తెకియా గుమ్మం వైపు నడవడం మానేసింది. రోకలి మాత్రం ఆగలేదు. నెలలు గడిచేసరికి రెండు పక్షాలూ రాజీపడి, ఆదివారం వంటకు ఆ చప్పుడునే గడియారంగా స్వీకరించాయి.

"ఇంకా ఎవరికోసం పెద్దమ్మా?" అన్నాను.

"వాళ్ళు తిరిగొచ్చి సందు మొదట్లో నిలబడితే, లోపలికి రావచ్చో లేదో ఎలా తెలుస్తుంది?"

మా దగ్గర కాఫీ ఒంటరిగా ఎవరూ తాగరు. మొన్న ఆదివారం గింజలు వేగిన వాసన రాకపోతే గోడ మీదుగా తొంగి చూశాను. తెకియా దంచుతూనే ఉంది. రోట్లో ఏమీ లేదు.