తోడుకు ఇచ్చిన నాచు

నాచు విషయంలో నా కన్ను తప్పదని నాకు గట్టి నమ్మకం. హోసూరులో గేర్లు చేసే ఫ్యాక్టరీలో నా పని తప్పులు పట్టడమే. వెంట్రుకంత గీత కనిపించినా ఆ గేరును పక్కన పెట్టేస్తాను. మత్తిగిరిలో ఇంటికొచ్చాక కూడా అదే బుద్ధి. మా హాల్లో మూడడుగుల చేపల తొట్టి ఉంది, అందులో అందానికి రాళ్లకు దారంతో కట్టి నాచు పెంచుతాను. దాని ముందు కూర్చుని, ఎవరు ఏ నాచు తెచ్చినా చూడగానే పేరు చెప్పేస్తాను. రెమ్మలు తలో దిక్కుకు పోయి చిక్కుపడిన జుట్టులా ఉంటే అది జావా మాస్ రకం. కొమ్మకు రెండు వైపులా రెమ్మలు వరసగా వచ్చి, మొదట్లో వెడల్పుగా, కొసన సన్నగా ముక్కోణంలా వాలితే క్రిస్మస్ మాస్. ఇంట్లో చిన్న మైక్రోస్కోపు కూడా ఉంది. అది అనుమానాలున్న వాళ్లకని నా ఉద్దేశం.

నా క్రిస్మస్ మాస్‌లో సగం రెండేళ్ల కిందట కృష్ణగిరిలో ఉండే మా తోడికోడలికిచ్చాను. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. తొట్టి పెట్టుకోమని వెంటపడిందీ నేనే. నాచు పెంచేవాళ్లకు ఇదొక అలవాటు, పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టే. మన గిన్నె పాడైతే వాళ్లింటికి పోయి ఒక చెంచా తెచ్చుకుంటాం. ఎవరడిగినా గిన్నె ఊడ్చి మాత్రం ఇవ్వకూడదు, మన తోడుకు మనం ఉంచుకోవాలి. ఈ మాట ఆమెకు నేనే చెప్పాను.

ఈ వేసవిలో నా గిన్నే పాడైంది. నాచు మీద పాచి పట్టిందని మందు కొలత మించి పోశాను. వారం తిరిగేసరికి నాచంతా గోధుమరంగుకు తిరిగి కుళ్లిపోయింది. ఎవరిని అనాలి, నా చెయ్యే! ఫోన్లో ఆమెకు చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆ ఆదివారమే బస్సెక్కి, తడిగుడ్డలో చుట్టిన నాచును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వచ్చింది.

మూత తీశాను. ముక్కోణాలు లేవు. పోగులు పోగులుగా సాగి, పలచగా ఉంది.

"ఇదేందమ్మా?"

"నువ్విచ్చిందే అక్కా."

"కాదు. ఇది జావా. నాది చచ్చిపోయింటే ఆ మాటే చెప్పు, తిట్టను. అంగట్లోది తెచ్చి నాకే చూపిస్తావా?"

"మా ఊరి ఎండకు అట్ల సాగిపోయిందక్కా. తొట్లో ఐసు బాటిల్లు ఏసి ఏసి కాపాడినాను."

"ఎండకు జాతే మారిపోతుందా?" అని నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను పెట్టిన కాఫీ తాగకుండా లేచిపోయింది. నెలన్నర మాటల్లేవు. పండగలకూ పబ్బాలకూ నాకు మొదట ఫోన్ చేసే మనిషి ఆమె. అయినా నేనూ చేయలేదు. ఆ నాచును బాల్కనీలో ఒక బకెట్లో పడేసి వదిలేశాను.

ఒకరోజు మా ఆయన, "ఆ మిషన్లో పెట్టి చూసినావా, లేదా?" అన్నారు. ఆయన నోరు మూయించడానికే మైక్రోస్కోపు దించాను. జావా ఆకులో కణాలు దారాల్లా సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అదే చూపించి తేల్చేద్దామని ఒక్క ఆకు గిల్లి అద్దం కింద పెట్టాను. కణాలు పొట్టిగా, వెడల్పుగా, తేనెపట్టు గదుల్లా ఉన్నాయి. ఇంకో కొమ్మ నుంచి ఇంకో ఆకు తీశాను. మూడోదీ చూశాను. అన్నీ అంతే. జావా కానే కాదు.

నీళ్లు వేడెక్కినా, వెలుగు చాలకపోయినా ఏ నాచైనా సాగి రూపు మారుతుంది. ఇది నాకు తెలియనిది కాదు, పదిమందికి చెప్పిందే. అదే మాట మా ఇంటి మనిషి చెబితే అబద్ధమన్నాను.

తప్పు పట్టడం వచ్చిన దానికి ఒప్పుకోవడమూ రావాలి. మరుసటి ఆదివారం ఆ నాచు సగం డబ్బాలో పెట్టుకుని కృష్ణగిరి బస్సెక్కాను. తలుపు తీసి, "రా అక్కా" అంది, అంతే. చెప్పులు విడవకుండానే చెప్పేశాను. "నువ్వు అబద్ధం చెప్పలేదు. నా కన్నే తప్పింది. నవ్వడం ఇంకా పెద్ద తప్పు."

ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను తొట్టి దగ్గరికి పోయాను. నీళ్లు తేటగా ఉన్నాయి, రెండు చేపలు తిరుగుతున్నాయి. రాళ్లకు నాచు కట్టిన నల్లదారాలు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. వాటి కింద ఒక్క పచ్చటి పోగు కూడా లేదు.

"మిగిలింది యాడమ్మా?" అని అడిగాను.

"మిగిలిందేముంది అక్కా? ఉండేదంతా నీకే తెస్తిని కదా."

"తోడుకు కూడా ఉంచుకోలేదా?"

"నువ్వు ఫోన్లో అంత ఏడిస్తివి" అంది, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

నా సంచిలో డబ్బా ఉంది. నేను మాత్రం పద్ధతి ప్రకారం సగమే తెచ్చాను.