తెగిందనుకొన్న నీలి తీగ

కోయంబత్తూరు పీలమేడులో మా ఇల్లు ఇప్పుడు రెండిళ్లు. వీధి వాకిలి, పెద్ద హాలు, మేడ మెట్లు ఉన్న ముందు భాగం, మా తాత నడిపిన పత్తి జిన్నింగు మిల్లులో మేస్త్రీగా ఉండిన మనిషి మనవడిది. ఆయనకిప్పుడు పంపుసెట్లు చేసే ఫ్యాక్టరీ ఉంది. వంటిల్లు, పెరడు, పాత ధాన్యపు గది ఉన్న వెనక భాగం నాది. నేను పెరటి సందులోనుంచే వస్తూ పోతూ ఉంటాను. ఆయన కొన్న రోజునుంచి ఆ వాకిలి తొక్కలేదు. కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకొని రిటైరయ్యాను కాబట్టి ఆయన నన్ను ‘టీచరమ్మా’ అంటాడు. మా నాయన బతికి ఉన్నప్పుడు వాళ్లింట్లో ఎవరూ మా ఇంటి ఆడవాళ్లను ‘అమ్మణీ’ అని తప్ప పిలవలేదు. ఈ తేడా నేను మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

ఆ శనివారం పదకొండు గంటలకు మా సంఘం సమావేశం. ఊళ్లోకి చదువుకోవడానికి వచ్చే తెలుగు పిల్లల కోసం మా తాత స్థలమిచ్చి కట్టించిన హాస్టలు ఒకటుంది, దాన్ని నడిపేది ఈ సంఘమే. గేటు మీద ఆయన పేరుంది. మిల్లు పోయింది, పొలాలు పోయినాయి, సగం ఇల్లు పోయింది. మాకు మిగిలింది ఆ పేరు. ముందింటాయన దాన్ని తీసేసి తన తండ్రి పేరు పెట్టాలని తీర్మానం తెచ్చాడు. సంఘం సభ్యులు కోయంబత్తూరు, మదురై, చెన్నై అంటూ చెల్లాచెదురుగా ఉన్నారు కాబట్టి సమావేశం కంప్యూటర్‌లోనే. నేను కనబడి అడ్డు చెప్పకపోతే తీర్మానం నెగ్గుతుంది. నా దగ్గరున్నది బటన్ల ఫోను. కాబట్టి మా తాత పేరు నిలిచేదీ పోయేదీ నా పాత కంప్యూటరు మీద, దానికి నెట్టు తెచ్చే నీలిరంగు తీగ మీద ఆధారపడి ఉంది.

గురువారం ఆయుధ పూజ. కంప్యూటరును, తీగతో సహా అన్నీ ఊడదీసి తుడిచి, పూజలో పెట్టాను. శుక్రవారం పూజ ఎత్తి, తీగ మళ్లీ గుచ్చి, విజయదశమి మంచి రోజని నాలుగు పేజీల ప్రసంగం టైపు చేసుకొన్నాను. నెట్టు అవసరం రాలేదు.

శనివారం తొమ్మిదిన్నరకు తెరిస్తే నెట్టు లేదు.

ఆ కంప్యూటరు కాలేజీ పారేస్తుంటే తెచ్చుకొన్నది. దాంట్లో లినక్సు తప్ప మరేదీ సరిగా నడవదు. నాకూ మరేదీ నచ్చదు. ఏం తప్పు జరిగిందో దాచకుండా చెబుతుంది. నల్ల తెర తెరిచి నెట్‌వర్క్ కార్డు సంగతి అడిగాను. ‘నో క్యారియర్’ అన్నది. అంటే కార్డు బతికే ఉంది, తీగ అవతలినుంచి ఎవరూ పలకడం లేదు. నెట్‌వర్క్ సర్వీసును ఆపి మళ్లీ నడిపాను. కంప్యూటరునే ఆర్పి వెలిగించాను. అదే మాట.

లేచి వెళ్లి రెండిళ్ల మధ్య నడవలో ఉన్న నా నెట్టు డబ్బా చూశాను. బయటి లైను దీపం పచ్చగా వెలుగుతున్నది. నా తీగ గుచ్చిన చోటి దీపం మాత్రం చచ్చిపోయి ఉంది. డబ్బా బాగుంది, కార్డు బాగుంది, మధ్యలో తీగ ఉంది. ఆ తీగ నా గదికి రావాలంటే ముందింటాయన గోడ పొడుగునా పాకి రావాలి. వేరే దారి లేదు.

పోయిన వారమే ఆయన ఆ గోడకు రంగు వేయించాడు. మేడ మీదినుంచి, పనివాళ్లందరూ వినేటట్టు అరిచాడు.

“టీచరమ్మా! ఈ తీగ మా గోడ మీద అసయ్యంగా ఉండాది. తీయించుకోండి. లేకుంటే పెయింటర్లే పీకి పారేస్తారు.”

“మీ గోడ కట్టించింది ఎవరో మీ పెయింటర్లకు చెప్పండి ముందు,” అన్నాను.

“కట్టించినవాళ్లకు కాదుంగ, ఉండేవాళ్లకు గోడ!” అని, మాట చివర ఈ ఊరి మర్యాద ‘ఉంగ’ తగిలించి మరీ నవ్వాడు. పనివాళ్లు కూడా నవ్వారు.

ల్యాబులో పిల్లలకు ముప్ఫై ఏళ్లు ఒకటే చెప్పాను. నెట్టు పోతే కిందినుంచి రండి. ముందు తీగ, తర్వాత దీపం, తర్వాత అడ్రసు, ఆఖరున పేరు. ఏదీ చూడకుండా ఎవరినీ అనుమానించవద్దు. ఆ రోజు నేను తీగ దగ్గరికి పోలేదు. పెరట్లోకి పోయాను. మేడ మీది నీళ్ల ట్యాంకు రెండిళ్లకూ ఒకటే. ముందింటికి పోయే పైపు వాల్వు మా పెరటి గోడకు ఉంది. రెండు చేతులతో తిప్పి బిగించాను. నాకు తెలిసి నా జీవితంలో అంత తృప్తిగా చేసిన పని మరొకటి లేదు.

శనివారం ఆయన నూనె స్నానం చేసే రోజు. ఆ సంగతి నాకు తెలుసు. వీధికంతా తెలుసు, పాటలు పాడుతూ చేస్తాడు. పాట సగంలో ఆగిపోయింది.

రెండు నిమిషాలకు ఆయన భార్య, మదురై నుంచి కోడలిగా వచ్చినావిడ, నా పెరటి తలుపు తట్టింది.

“ఏమక్కా, మాకు నీళ్లు వస్తా లేదే. మీకు వస్తా ఉందా?”

“వస్తున్నాయి.”

“ఆయన తలనిండా సీకాయ పూసుకోని కూర్చోనుండారక్కా. కంట్లో పడిందని ఒకటే ఆర్భాటం.”

ముందింట్లోనుంచి కేక వినబడింది. “ఏయ్! మోటరు వెయ్యమని చెప్పవే!”

“ట్యాంకులో నీళ్లు ఉండాయంగ!” అని ఆవిడ ఇక్కడినుంచే అరిచింది.

“ఉంటే ఏడికి పోయినాయి? బస్సెక్కి గాంధీపురం పోయినాయా?”

ఆవిడ నవ్వు ఆపుకొంటూ నన్ను చూసింది. “ఒక బిందె ఇస్తారా అక్కా? తాగే నీళ్ల క్యాను కూడా పొద్దున్నే అయిపోయింది.”

“తీగలు తెగినట్టే పైపులూ ఒక్కోసారి మూసుకుపోతాయమ్మా. మీ ఆయనను అడుగు, చెబుతాడు.”

“తీగా? ఏ తీగ అక్కా?”

ఆ మొహంలో దాచిందేమీ లేదు. నాకు అది నచ్చలేదు. పని ఉందని చెప్పి తలుపు వేసుకొన్నాను. బిందె ఇవ్వలేదు.

తీగ ఎక్కడ కోశాడో పట్టుకొని, దాన్ని కూడా సమావేశంలో చెప్పాలనుకొన్నాను. నడవలోనుంచి మొదలుపెట్టి గోడ వెంబడి వేలితో తడుముతూ వచ్చాను. పెయింటర్లు దానికి ఒక చుక్క రంగు కూడా అంటనివ్వలేదు. కాగితం చుట్టి, పని అయ్యాక తీసేసినట్టున్నారు. ఉద్యోగం రోజుల్లోని తీగ పరీక్ష పెట్టె బీరువాలో ఉంది. ఒక ముక్క ఈ చివర, ఒక ముక్క ఆ చివర గుచ్చితే లోపలి ఎనిమిది సన్న తీగలకు ఎనిమిది దీపాలు. ఒకటి తర్వాత ఒకటిగా ఎనిమిదీ వెలిగాయి.

తీగ తెగలేదు. మిగిలింది నా కంప్యూటరే.

దాన్ని ఆర్పి, వెనక్కు తిప్పి, తీగ గుచ్చే రంధ్రంలోకి టార్చి వేశాను. లోపల పసుపుపచ్చగా ఎండిపోయిన గంధం ఉంది, మీద కుంకుమ.

ఆయుధ పూజకు మా మిల్లులో ఒక పద్ధతి ఉండేది. అందరూ మిషను నుదుటికి బొట్టు పెడతారు. మా తాత నోటికి పెట్టేవాడు. పత్తి ఎక్కడ లోపలికి పోతుందో అక్కడ, తన వేలితో, ధారాళంగా. పనివాళ్లెవరినీ పెట్టనిచ్చేవాడు కాదు, ఇంటివాళ్లే పెట్టాలి. నేను ఇప్పటికీ అలాగే పెడతాను. ఈ ఏడు చెన్నైనుంచి మంచి గంధం వచ్చింది, పలచగా కలిపాను. నా కంప్యూటరుకు నోరు ఏదని ఆలోచించి, తీగ దూరే చోట పెట్టాను. లోపలి బంగారు రంగు సన్న కడ్డీలు ఎనిమిదీ గంధంలో మునిగిపోయి ఎండిపోయాయి.

స్పిరిటు, పాత పళ్ల బ్రష్షు తెచ్చి కడిగాను. రెండుసార్లు, మూడుసార్లు. ఆరనిచ్చి తీగ గుచ్చి వెలిగించాను. రంధ్రం పక్కన పచ్చ దీపం టపటపా కొట్టుకొంది. పదకొండుకు పది నిమిషాలు.

వాల్వు తెరవాలి. అది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పెరటి తలుపు దాకా వెళ్లాను కూడా. అప్పుడు సంఘం నియమం గుర్తుకొచ్చింది. తీర్మానం తెచ్చినవాడే దాన్ని చదవాలి. ఆ రోజు చదవకపోతే ఏడాది దాకా ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. నేను వెనక్కు వచ్చి కుర్చీలో కూర్చొన్నాను. అంతవరకూ జరిగింది పొరపాటు. అక్కడినుంచి జరిగింది పొరపాటు కాదు.

సంఘం అధ్యక్షుడు మదురై పెద్దాయన. తెరమీద ఆయన గడ్డం మాత్రమే కనబడుతున్నది.

“అమ్మణీ, మీ ఫ్యాను బాగా కనపడతా ఉండాది. మీరే కనపడలేదు.”

కెమెరా వంచాను. తీర్మానం వంతు వచ్చింది. చదవాల్సినాయన లేడు. ఎవరో ఫోను చేశారు, ఎత్తలేదు.

“మీరు పక్కింట్లోనే కదమ్మా ఉండేది,” అన్నాడు పెద్దాయన. “కాస్త ఒక కేక వెయ్యండి.”

అబద్ధం మా ఇంట్లో లేదు. “ఆయన స్నానం చేస్తున్నారు,” అన్నాను.

పదహారు గళ్లలో పదహారు మంది నవ్వారు. పది నిమిషాలు చూశారు. “ఊరికే ఎంతసేపు కాచుకోనేది? వచ్చే ఏడు చూస్తాము,” అని పెద్దాయన తరువాతి సంగతికి పోయాడు. నా నాలుగు పేజీలు నా ఒడిలోనే ఉన్నాయి. ఒక్క మాట చదవనక్కర లేకపోయింది.

సమావేశం ముగిశాక వెళ్లి వాల్వు తెరిచాను. భార్య వీధంతా తిరిగి ఆఖరికి చివరి ఇంటినుంచి తెచ్చిన బిందెడు నీళ్లతో తల కడుక్కొని ఆయన అప్పటికే నడవలో నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి. చెవి వెనక సీకాయ ఇంకా అంటుకొని ఉంది.

“మీరే మూసినారా?”

“నేనే.”

“ఎందుకుంగ?”

“మీరు నా తీగ కోశారనుకొన్నాను.”

“కోసినానా?”

“లేదు. పదిన్నరకే తెలిసింది.”

“తెలిసినాక?”

“తెలిసినాక కూడా తెరవలేదు.”

అరుస్తాడనుకొన్నాను. దానికి జవాబు సిద్ధంగా పెట్టుకొన్నాను. ఆయన తువ్వాలుతో కళ్లు ఒత్తుకొని, చాలా మర్యాదగా మాట్లాడాడు. “మిల్లు పనోళ్ల లైను ఇళ్లలో ఒకసారి కూలి పెంచమన్నందుకు మీ తాత మూడు దినాలు నీళ్లు ఆపినాడని మా అవ్వ చెప్తా ఉండేది. పెద్దమనిషి అట్లా చేస్తాడా అని నేను నమ్మలేదు. ఈ దినం నమ్మినానంగ.”

ఆయన వెళ్లిపోయాడు. అది అబద్ధమని చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. నిజమని చెప్పేవాళ్లూ ఇప్పుడు బతికి లేరు.

మరుసటి వారం బస్సెక్కి హాస్టలుకు పోయాను. గేటు మీది అక్షరాలు రంగు వెలిసి ఉన్నాయి. నల్లరంగు తెప్పించి, పెయింటరును నిచ్చెన ఎక్కించి, దూరంనుంచి కూడా చదవగలిగేటట్టు మా తాత పేరు మళ్లీ లావుగా రాయించాను. ఆఖరి అక్షరం ఆరే దాకా కిందే నిలబడ్డాను.