సింఫనీకి ఒక టికెట్

పావగడ గ్రంథాలయంలో పాశ్చాత్య సంగీతం గురించి ఒకే ఒక్క పుస్తకం ఉండేది, కన్నడంలో. పదో తరగతి తప్పిన నేను దాన్ని ఎన్నిసార్లు ఇంటికి తెచ్చుకున్నానో లెక్కలేదు. సింఫనీ మామూలుగా నాలుగు భాగాలుగా ఉంటుందని, భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదని, వయొలిన్ల వాళ్ళలో ముఖ్యులు మనకు ఎడమచేతి వైపు కూర్చుంటారని నాకు తెలుసు. మా తాలూకాలో ఇవన్నీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనన్న గర్వమూ ఉండేది. వినడం మాత్రం ఒక్కసారీ జరగలేదు.

అందుకే ఒక విదేశీ వాద్యబృందం బెంగళూరు వస్తోందని పేపరులో చూసిన మరునాడే తొలిబస్సు ఎక్కాను. కచేరీకి ఇంకా రెండు వారాలుంది. హాలు ముందు టికెట్ల కోసం వరుసలో ఉన్నవాళ్ళంతా ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. నా వంతు వచ్చాక ఎడమ వైపు సీటు కావాలని కన్నడంలో అడిగాను. కౌంటరులో ఉన్న పెద్దాయన నా మాట తీరు పట్టుకుని తెలుగులోకి దిగాడు.

"ఎడమ పక్కే ఎందుకప్పా?"

"వయొలిన్లు ఆ పక్కనే కదా సార్ ఉండేది."

ఆయన కళ్ళజోడు సర్దుకుని నన్ను చూశాడు. "ఏ ఊరు మీది?"

"పావగడ దగ్గర సార్."

"ఆడ్నుంచి దీనికోసరమే వచ్చినావా? వాన పడిందా మీ పక్క?"

"ఇంకా లేదు సార్."

"పడితే ఏం చేస్తావు మరి?" అని నవ్వుతూ టికెట్ చించి ఇచ్చాడు.

నేనూ నవ్వాను. రెండేళ్ళుగా సరిగా పడని వాన సరిగ్గా ఆ రోజే పడుతుందా అనుకున్నాను.

మాది ఇసుక కలిసిన ఎర్రనేల. వాన పడిన రెండు రోజుల్లో శెనక్కాయ విత్తకపోతే నేలలో పదును ఆరిపోతుంది. మా అన్నకు నడుము పోయినప్పటి నుంచి విత్తనం వేసే గొర్రు తోలేది నేనే. విత్తనం ఒలిచి సిద్ధంగా పెట్టుకున్నాము. ఒలిచిన విత్తనం ఎక్కువ కాలం ఆగదు.

కచేరీ రోజు ఉదయం ఉతికిన చొక్కా వేసుకుని బయటికి వస్తే పడమట మబ్బు నల్లగా లేచి ఉంది. అన్న ఇంటి పంచలో కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

"నువ్వు పోప్పా," అన్నాడు. "టికెట్ తీసుకున్నావు కదా."

"పడితే?"

"పడితే చూద్దాం. ఎవర్నన్నా అడుగుతా."

అడిగినా ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు. నేల పదును మీదున్న రోజు ఎవరి గొర్రు వాళ్ళకే చాలదు. చొక్కా విప్పి కొయ్యకు తగిలించాను. అన్న వద్దనలేదు.

మధ్యాహ్నం నాలుగు చినుకులు పడ్డాయి. మట్టి వాసన లేచింది, అంతే. గాలి తిరిగి మబ్బును తూర్పుకు తోసుకుపోయింది. పొలానికి వెళ్ళి అన్న వేలితో నేలను పొడిచి చూశాడు.

"గోరు మునిగేంత గూడా దిగలేదు."

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాము. పొద్దు గూకింది. చివరి బస్సు కూడా వెళ్ళిపోయింది.

"ఈపాటికి మొదలు పెట్టింటారా?" అన్నాడు అన్న.

"పెట్టింటారు. ముందు ఒక వాద్యం శ్రుతి ఇస్తాది. దాన్ని పట్టుకుని అందరూ సరి చేసుకుంటారు."

"ఆ పైన?"

చెప్పాలని నోరు తెరిచాను. భాగాల పేర్లు తెలుసు, వాద్యాల పేర్లు తెలుసు. ఒక్క శబ్దం కూడా తెలియదు.

"ఆ పైన నాకు తెలీదన్నా," అన్నాను.



ఆ ఏడూ మేము విత్తలేదు. ఒలిచిన విత్తనానికి పురుగు పట్టింది. బాగున్నవి ఏరుకుని వేయించుకు తిన్నాము. బెంగళూరుకు అలాంటి బృందం మళ్ళీ వచ్చిందో లేదో నాకు తెలియదు. పేపరులో ఆ పేజీ చూడడం మానేశాను.